‘రొద’ మొదటి సంచిక: పని డైరీ

జూన్ మొదటి వారం

అనుకున్నది ఇదీ: జిరాక్స్ మీద పదహారు పేజీల చిన్న పుస్తకం, నలుపు తెలుపు. పేరు ‘రొద’. లోపల హెవీ మెటల్, పంక్ రాక్ ఆల్బమ్‌ల మీద నా అభిప్రాయాలు, అనిమే (జపాన్ యానిమేషన్) మీద మా పిన్ని కూతురి అభిప్రాయాలు. ఒకరి పేజీలో ఒకరు వేలు పెట్టొచ్చు, కాకపోతే కింద సంతకం చేయాలి.

ఇదంతా ఫోన్‌లో రాసుకోవచ్చుగా అని ఇంట్లో అడిగారు. ఫోన్‌లో అయితే రాసుకుంటూ పోతాను, ఆపేవాడు ఉండడు. కాగితానికి అంచు ఉంటుంది. ఒక ఆల్బమ్‌కి ఒక పేజీ, ఏ5 సైజు. శీర్షిక, బొమ్మ పోగా నూటయాభై మాటలు పడతాయి. అందులో బ్యాండు వంశవృక్షం చెబుతూ కూర్చుంటే అసలు నచ్చిందో లేదో చెప్పడానికి చోటు మిగలదు.

పైగా పంక్‌కి ఈ పద్ధతి పుట్టింటిది. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా అమెరికా పంక్ బ్యాండు రామోన్స్ మొదటి ఆల్బమ్ విన్న ఊపులో ‘స్నిఫిన్ గ్లూ’ అని ఒక పత్రిక మొదలుపెట్టాడు. పిల్లలు ఆడుకునే టైపు మిషన్, స్కెచ్ పెన్ను, జిరాక్సు, అంతే సరంజామా. మొదటి సంచిక యాభై కాపీలు. కొట్టివేతలు కూడా కొట్టివేతల్లాగే అచ్చయ్యేవి. కొన్నాళ్లకి బ్యాంకు ఉద్యోగం మానేశాడు. నాకంత ధైర్యం లేదు, ఆదివారాలు చాలు.

ఒక్క నియమం పెట్టుకున్నాం. ప్రతి పేజీలోనూ ‘ఇదిగో ఇక్కడ వినండి, ఇక్కడ చూడండి’ అని ఒక చోటు వేలు పెట్టి చూపించాలి. అద్భుతం, మాస్టర్‌పీస్ లాంటి మాటలు బంద్. “అండర్‌రేటెడ్ కూడా బంద్ అన్నయ్యా, నువ్వు ప్రతి దానికీ అదే అంటావ్,” అంది చెల్లి. సరేనన్నాను.

ఎంపిక

నా జాబితా, తన జాబితా కలిపితే నలభై పేజీలు దాటాయి. అట్ట నాలుగు పేజీలు తీసేస్తే మిగిలేవి పన్నెండు. ముందుమాట ఒకటి, చివర్లో ఇంకేం వినాలో చెప్పే చిట్టా ఒకటి. ఇక పది. ఆరు ఆల్బమ్‌లు, నాలుగు అనిమేలు అన్నాను. చెల్లి ఐదూ ఐదూ అంది. ఐదూ ఐదే అయింది.

నావి: బ్లాక్ సబ్బాత్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’, ‘రామోన్స్’, ‘బ్యాడ్ బ్రెయిన్స్’, నేపామ్ డెత్ ‘స్కమ్’, డార్క్‌త్రోన్ ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’. తనవి: అకిరా, ఎవాంజెలియన్, నానా, డెట్రాయిట్ మెటల్ సిటీ, బొచ్చి ది రాక్.

స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ తీసేయడానికి మనసొప్పలేదు. 1986 నాటి ఆ ఆల్బమ్ మొత్తం ఇరవై తొమ్మిది నిమిషాల లోపే. క్యాసెట్ వేసినప్పుడు రెండు వైపులా మొత్తం ఆల్బమే నింపేశారు, తిప్పి పెట్టినా మళ్లీ మొదటి నుంచే. కానీ దాని గురించి ఏం రాసినా ‘వినండి’ అనే మాటకి మించి ఏమీ తేలలేదు. చిట్టాలోకి నెట్టాను. తను కౌబాయ్ బీబాప్‌ని అంతకన్నా తేలిగ్గా వదిలేసింది: “అందరికీ నచ్చేదానికి మన పేజీ ఎందుకు?”

సబ్బాత్ పేజీ

మిగతావన్నీ దీన్ని ఆనుకుని నిలబడాలి కాబట్టి ముందు ఇదే రాశాను.

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్లప్పుడు, ఆ ఉద్యోగంలో ఆఖరి రోజున, కుడి చెయ్యి మిషన్‌లో పడి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. జారకుండా వాటి మీద తోలు అతికించాడు. తొడుగు మీంచి తీగ ఎక్కడుందో సరిగా తెలియదు, గట్టిగా నొక్కితే నొప్పి. అందుకని సన్న తీగలు వేశాడు. 1971లో ఈ మూడో ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతినే ఒకటిన్నర మెట్టు దించి తీగలు వదులు చేశాడు.

ఆ వదులులోంచి వచ్చిందే మనం హెవీ అంటున్న బరువు. తర్వాత వచ్చిన డూమ్, స్లడ్జ్, స్టోనర్ అనే నెమ్మది మెటల్ బ్యాండ్లలో చాలావరకు ఆ దించిన శ్రుతిలోనే కాపురం పెట్టాయి. ఎక్కడ వినాలంటే ‘ఇన్‌టు ది వాయిడ్’ మొదటి నిమిషం. తీగ మోగాక నిలకడకి రావడానికి కాస్త సమయం తీసుకుంటుంది, మధ్యలో చిన్నగా జీర. పాట నెమ్మదిగా నడుస్తుందనిపించేది అందుకే. వేగం పెంచిన చోట కూడా ఆ జీర వెంట వస్తూనే ఉంటుంది.

‘పారనాయిడ్’ దీనికన్నా పేరున్న ఆల్బమ్. పాటలుగా చూస్తే అదే గట్టిది. నాకు మాత్రం ఇది ఎక్కువ. ముప్పై నాలుగు నిమిషాల ఆల్బమ్‌లో రెండు చిన్న గిటార్ ముక్కలు పెట్టి ఊపిరి తీసుకోనిస్తారు. వాటిని చాలామంది దాటేస్తారు, దాటేస్తే తర్వాత వచ్చే దెబ్బ సగం తగ్గిపోతుంది.

చెల్లి ఈ పేజీకి బ్యాండు గాయకుడు ఆజీ ఆస్బోర్న్ మొహం వేస్తానంది. 2025 జులైలో సొంత ఊళ్లో ఆఖరి కచేరీ చేసి మూడు వారాలు తిరక్కుండానే పోయాడు కాబట్టి ఎక్కడ చూసినా ఆ మొహమే, మనకి వద్దన్నాను. చివరికి ఒక ప్లాస్టిక్ సీసా, పక్కన రెండు తొడుగులు వేసింది. కింద ఏమీ రాయలేదు. పేజీ చదివితే అర్థమవుతుంది, చదవకపోతే అంట్లు తోమే సబ్బు ప్రకటన అనుకుంటారు.

లోగో

మెటల్ బ్యాండు లోగో అంటే చదవడానికి రాకూడదు, రెండు వైపులా సమానంగా ఉండాలి, ముళ్లు ఉండాలి. తెలుగు అక్షరం గుండ్రం. రొ, ద, రెండింట్లో ఎక్కడా నిలువు గీత అనేది లేదు. మొదట కంప్యూటర్‌లో అక్షరాల చివర్లు లాగి చూశాను. పెళ్లి శుభలేఖ మీద పూలతీగలా వచ్చింది.

తర్వాత చెల్లి డ్రాయింగ్ ఇంకు, సన్న బ్రష్షు తీసుకుని కూర్చుంది. ‘రొ’ మీదున్న ఒత్వాన్ని ఎడమ పక్కకి వంచి పైకి లాగింది. ‘ద’ తలకట్టుని అంతే ఎత్తుకి కుడి పక్కకి తీసుకెళ్లింది. అక్కడికి రెండు కొమ్ములు సరిపోయాయి. గుండ్రాల్ని ముట్టుకోలేదు. వాటి అడుగు నుంచి సన్నటి వేర్లు దించి, ఒక్కో వేరు చివర బ్రష్షుని తేలిగ్గా ఎత్తేసింది. ఆ ఎత్తిన చోటే ముల్లు వస్తుంది. గీత నెమ్మదిగా గీస్తే మొద్దుగా ఆగిపోతుంది, మణికట్టు విసిరితేనే కొస తేలుతుంది.

పిన్ని చూసి “ఇదేం మర్రిచెట్టా?” అంది. ఇక మార్చలేదు.

అక్షరాల గొడవ

డీటీపీ సెంటర్లో పేజీలు పెట్టిద్దామనుకున్నాం. అక్కడ నడిచేది పేజ్‌మేకర్, అను ఫాంట్లు. మేం టైప్ చేసిందంతా యూనికోడ్. రెండింటికీ పొంతన లేదు, మొత్తం మళ్లీ కొట్టించాలి. ఆ ఖర్చుతో ఇంకో సంచిక వేసుకోవచ్చని లిబ్రే ఆఫీస్‌లో మేమే దిగాం. శీర్షికలకి రామభద్ర, లోపలికి మండలి. రెండూ ఉచితమే. రామభద్ర లావుగా ఉంటుంది, జిరాక్స్ ఎంత పాడుచేసినా నిలబడుతుంది.

అసలు టెన్షన్ ఒత్తులతో. మన వాక్యంలో ఒత్తులు ఓ మోస్తరుగా వస్తాయి. ఈ పేర్లలో అడుగడుగునా అవే: ట్రాన్సిల్వేనియన్, డార్క్‌త్రోన్, బ్యాడ్ బ్రెయిన్స్. చిన్న సైజులో జిరాక్స్ తీస్తే ఒత్తు లోపలి తెల్ల ఖాళీ టోనర్‌తో పూడుకుపోయి నల్ల చుక్క అవుతుంది. పైగా పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. అక్షరం పదకొండు పాయింట్లకి పెంచి, వరసల మధ్య ఖాళీ ఇంకాస్త పెంచాం. దాంతో నూటయాభై మాటలు నూట ఇరవై అయ్యాయి. రాసినవన్నీ మళ్లీ కోయాల్సి వచ్చింది, కోసిన ప్రతిదీ బాగుపడింది.

రామోన్స్ అన్నిటికన్నా తేలిగ్గా తెగింది. 1976, పద్నాలుగు పాటలు, ఇరవై తొమ్మిది నిమిషాలు, ఖర్చు ఆరువేల నాలుగు వందల డాలర్లు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక చెవిలో గిటార్, ఇంకో చెవిలో బేస్. ఒక వైపు తీసేసి వింటే రెండో వాయిద్యం ఏం చేస్తుందో విడిగా తెలుస్తుంది. బేస్ నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం లేదు. జానీ రామోన్ చెయ్యి పైనుంచి కిందికే కొడుతుంది, కింది నుంచి పైకి రాదు. గిటార్ ఉన్నవాళ్లు ఒక్క పాటకి అలా కొట్టి చూడండి, మోచేయి పట్టేస్తుంది. అంతే పేజీ.

స్కమ్, బ్యాడ్ బ్రెయిన్స్

‘స్కమ్’ 1987. ఇరవై ఎనిమిది పాటలు. వాటిలో ఒకటి సెకనున్నర కూడా లేదు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అందరూ చెప్పేది ఆ ఒక్క ముక్కే కాబట్టి దాన్ని పేజీలో ఒక్క వాక్యంతో సరిపెట్టాను. నాకు ఆసక్తి ఉన్నది వేరే చోట. ఎల్పీ రికార్డు మొదటి వైపు వాయించిన బ్యాండు, రెండో వైపు వాయించిన బ్యాండు దాదాపు వేరు. రెండు వైపులా ఉన్నది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే. మొదటి వైపు పంక్ కోపం ఇంకా వినిపిస్తుంది, పాటకి తలా తోకా ఉన్నట్టు తెలుస్తుంది. రెండో వైపుకి వచ్చేసరికి అదీ పోయింది. డ్రమ్ములు వేగానికి వణుకుతున్నట్టుంటాయి, గొంతు గొంతులా ఉండదు. నాకు మొదటి వైపే ఇష్టం. దాని గిటార్ జస్టిన్ బ్రాడ్రిక్‌ది, తర్వాత గాడ్‌ఫ్లెష్‌లో వాయించిన బరువు ఇక్కడే మొలకెత్తింది. ఇదీ బర్మింగ్‌హామ్ ఆల్బమే. అయోమీ నెమ్మది చేసిన ఊళ్లోనే వీళ్లు వేగం చివర చూశారు.

బ్యాడ్ బ్రెయిన్స్ పేజీ చెల్లి చదివి, “ఇందులో అభిప్రాయం ఏది?” అంది. నిజమే, చరిత్ర ఎక్కువైంది. వాషింగ్టన్ డీసీ నల్లజాతి కుర్రాళ్లు, ముందు జాజ్ ఫ్యూజన్ వాయించినవాళ్లు, 1982లో క్యాసెట్‌గానే వచ్చిన ఆల్బమ్, పసుపు అట్ట మీద అమెరికా కాపిటల్ భవనం గోపురంపై పిడుగు, ఇలా పోయింది. మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను: ఈ ఆల్బమ్‌లో మధ్య మధ్య వచ్చే, జమైకా తరహా నెమ్మది రెగే పాటలు వినడానికి హాయిగానే ఉంటాయి, నాకు మాత్రం అడ్డం. పంక్ పాట ముగిసిన చోట రక్తం ఉడుకుతుంటే వీళ్లు పడక్కుర్చీ వేస్తారు. వేగంగా వాయించే బ్యాండ్లు చాలా ఉన్నాయి. అంత వేగంలో ఆగమన్న చోట నలుగురూ ఒక్కసారే ఆగడం వీళ్ల దగ్గరే విన్నాను. ‘పే టు కమ్’ నిమిషంన్నర లోపే అయిపోతుంది, అందులో ఆగి మళ్లీ అందుకునే చోట్లు వినండి.

డార్క్‌త్రోన్ పేజీ తీసేశాం

ఈ నిర్ణయానికి ఎక్కువ సమయం పట్టింది. నార్వే బ్లాక్ మెటల్ ఆల్బమ్ ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ 1994. గొంతు తప్ప వాయిద్యాలన్నీ ఫెన్రిజ్ ఒక్కడే ఇంట్లో నాలుగు ట్రాకుల మిషన్ మీద వాయించుకున్నాడు. ట్యూబ్‌లైట్ చోక్ హోరులో ఎక్కడో దూరంగా రాగం ఉన్నట్టుంటుంది. నా పుస్తకానికి సరిగ్గా సరిపోయే సరుకు: మిషన్ చిన్నది, చలి మొత్తం అందులోనే పట్టింది.

కానీ ఆ ఆల్బమ్ వెనక అట్ట మీద ‘నార్వే ఆర్య బ్లాక్ మెటల్’ అని వేసుకున్నారు. నాలుగు పాటలకి మాటలు రాసింది వర్గ్ వికెర్నెస్, అంతకు ముందు ఏడాదే తోటి సంగీతకారుణ్ని చంపినవాడు. తర్వాత బ్యాండు క్షమాపణ చెప్పుకుంది, ఆ మాట తీసేసింది. సంగీతం వేరు, మనిషి వేరు అని నేను చాలాకాలం వాదించాను. నూట ఇరవై మాటల్లో ఆ వాదన చేస్తే సంగీతానికి చోటు లేదు, చేయకపోతే దాచినట్టు. చెల్లి సూటిగా అడిగింది: “ఆర్యులం అని రాసుకున్న అట్టని నువ్వు తెలుగులో సిఫార్సు చేస్తున్నావా అన్నయ్యా?” తీసేశాను. ఇంట్లో వింటాను, కాదనను.

ఆ పేజీ టోక్యో ముగ్గురి బ్యాండు బోరిస్‌కి ఇచ్చా. ‘పింక్’, 2005. బ్యాండు పేరేమో అమెరికా బ్యాండు మెల్విన్స్ పాట నుంచి తెచ్చుకున్నారు. మొదటి పాట ఏడు నిమిషాలకి పైగా మబ్బులా నెమ్మదిగా పరుచుకుంటుంది. అది అయిపోగానే రెండో పాట మెడ మీద పడుతుంది. ఆ రెంటి మధ్య అతుకు వినడానికే ఈ ఆల్బమ్ కొనుక్కోవచ్చు. వీళ్ల గిటారిస్టు వాటా ఆ హోరుని మోసుకెళుతూ కంగారు పడదు. తొందర పాటల్లో రెండు మూడు ఒకేలా ఉన్నాయన్నది నా ఫిర్యాదు.

అనిమే సగం

ముందుమాట చెల్లిది. అనిమే అంటే పిల్లల కార్టూన్ అనుకునే పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది. జపాన్ దర్శకుడు యూగో సాకో పూనికతో జపాన్‌లో తయారైన 1992 రామాయణం 2025లో తెలుగులో కూడా థియేటర్లకి వచ్చింది, అదే ఏడాది డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో ఆడింది, కాబట్టి ఇక పరిచయం అక్కర్లేదు అని ఒక పేరాలో తేల్చేసి నేరుగా ఎవాంజెలియన్‌కి వెళ్లింది.

1995-96 సీరియల్. ఇరవై రెండో భాగంలో రేయి, అసుకా అనే ఇద్దరమ్మాయిలు లిఫ్టులో నిలబడతారు. దాదాపు నిమిషం పాటు బొమ్మ కదలదు. లిఫ్టు చప్పుడు ఒక్కటే. జపాన్ టీవీ అనిమేకి ఈ పొదుపు కొత్త కాదు, 1963లో ఆస్ట్రో బాయ్ రోజుల నుంచీ తక్కువ బొమ్మలతో కథ లాగడం వాళ్లకి అలవాటే. కానీ ఇక్కడ ఆ పొదుపు మనల్ని ఆ లిఫ్టులో ఇరికిస్తుంది. ఆఖరి రెండు భాగాల్లో సగం గీసిన బొమ్మలు, స్క్రిప్టు కాగితాలు, ఫొటోలే తెర మీద పెట్టేశారు. నాకది ఇష్టం. రంగులు అద్దకముందు గీతలో ఉన్న వణుకు కనిపిస్తుంది. చెల్లికి లిఫ్టు ఇష్టం, ఆఖరి రెండూ ఇష్టం లేదు. పేజీలో సగం తనకి, సగం నాకు. బొమ్మగా మూసిన లిఫ్టు తలుపులు వేసింది, లోపల ఎవరూ లేరు.

ఇక్కడే పెద్ద గొడవైంది. “నువ్వు అన్నిటికీ కొరత అనే మంత్రం చదువుతున్నావ్. వేళ్లు లేవు, డబ్బుల్లేవు, బొమ్మల్లేవు. మరి అకిరా?” అంది. అకిరా 1988 నాటి సినిమా, లక్షా అరవై వేలకి పైగా సెల్ (పారదర్శక షీటు) బొమ్మలు. జపాన్‌లో మామూలుగా బొమ్మలు గీశాక గొంతులు చేరుస్తారు. వీళ్లు ముందు గొంతులు రికార్డు చేసి, పెదాలు దానికి తగ్గట్టు గీశారు. రాత్రి రోడ్డు మీద బైకు తిరిగినప్పుడు వెనక లైటు ఎర్ర గీతగా వెనకబడుతుంది, ఆ ఒక్క గీత కోసం ఎంతమంది మోచేతులు అరిగాయో. ఇంత కలిమిలో పుట్టిన దానికి బరువు లేదని ఎవరనగలరు? నేనూ అనను. సంగీతం సంగతి నేను కింద రాశాను: గేయినో యమాషిరోగుమి బృందం వెదురు గామెలాన్ (ఇండోనేషియా వాద్యాలు), మనుషుల ఊపిరి, జపాన్ సంప్రదాయ ‘నో’ నాటకాల ఆలాపన పెట్టి చేసింది. ఊపిరిని తాళంగా వాడిన చోట నా లెక్కలో అది చాలా మెటల్ ఆల్బమ్‌ల కన్నా బరువు.

నానా పేజీ నాకు అర్థం కావడానికి చెల్లి పక్కన కూర్చుని చూపించాల్సి వచ్చింది. 2006లో మొదలైన నలభై ఏడు భాగాలు. ఒకే పేరున్న ఇద్దరమ్మాయిలు టోక్యోలో ఒకే ఇంట్లో ఉంటారు. ఒకమ్మాయి పంక్ పాడుతుంది, పంక్ ఫ్యాషన్ డిజైనర్ వివియెన్ వెస్ట్‌వుడ్ నగలు వేసుకుంటుంది, ఆమె ప్రియుడి మెడలో సెక్స్ పిస్టల్స్ బ్యాండు సిడ్ విషస్ మాదిరి తాళంకప్ప. నాకు ముందు అదంతా వేషం అనిపించింది. పాటలు కూడా పంక్ కావు, మెరుగు పెట్టిన రాక్. కానీ తాళం చెవి ఆ అమ్మాయి దగ్గర ఉండిపోతుంది, ఆ చిన్న ఇత్తడి ముక్క కథని ఎంత లాగుతుందో చూశాక నోరు మూసుకున్నాను. అసలు మాంగా (జపాన్ కామిక్స్) రచయిత్రి ఆరోగ్యం బాగాలేక 2009 నుంచి ఆగిపోయింది. “అది పూర్తవదు అని తెలిసి చూడాలి, అదే దాని రుచి,” అని రాసింది చెల్లి. ఈ వాక్యం నేను రాసుంటే బాగుండేదనిపించింది.

డెట్రాయిట్ మెటల్ సిటీ, 2008. స్వీడన్ పాప్ ఇష్టపడే మెత్తని కుర్రాడు బతుకుతెరువు కోసం డెత్ మెటల్ రాక్షసుడి వేషం కడతాడు. సగం దాకా పడి పడి నవ్వాను. చెల్లి నవ్వలేదు. ఆడవాళ్ల మీద అత్యాచారం మాటే జోకుగా మళ్లీ మళ్లీ వస్తుంది, మూడోసారికి నవ్వు ఆగిపోవాలి అంది. పేజీ తనదే, అలాగే అచ్చు వేశాం. తను ఒప్పుకున్నది ఒకటే: అభిమానులు వాడు నోరు జారి అన్న ప్రతి మాటనీ మహాకావ్యంలా వ్యాఖ్యానించుకునే సీన్లు, మా మెటల్ మిత్రబృందం వాట్సాప్‌కి అచ్చుగుద్దినట్టున్నాయట.

బొచ్చి ది రాక్, 2022, పన్నెండు భాగాలు. నలుగురు అమ్మాయిల ఇంటిపేర్లు ఏషియన్ కుంగ్‌ఫూ జనరేషన్ బ్యాండు నలుగురివే. భయస్తురాలైన గిటార్ అమ్మాయి మీద జోకులు కొన్ని సాగదీస్తారు. కానీ ఆఖరి భాగంలో స్కూల్ స్టేజీ మీద సోలోకి ముందు తీగ తెగుతుంది, ఇంకో తీగ బిర్రు బిగవదు. కింద ఉన్న సాకే (జపాన్ బియ్యం సారా) గ్లాసు తీసుకుని తీగల మీద జారుస్తూ సోలో వాయించేస్తుంది. చెల్లి ఆ సీన్ ఆపి నా వైపు చూసింది. “చదువుకో నీ మంత్రం,” అంది. సబ్బాత్ పేజీకి సరిగ్గా ఎదురు పేజీలో దీన్ని పెట్టాలనుకున్నాం.

పేజీల లెక్క

ఎదురు పేజీ అంత తేలిక కాదు. ఏ4 కాగితాలు నాలుగు, రెండు వైపులా అచ్చు, మధ్యకి మడత. మొదటి కాగితం మీద 16, 1 పక్కపక్కన, వెనకవైపు 2, 15. ఏ కాగితం తీసుకున్నా పక్కపక్క రెండు పేజీల కూడిక పదిహేడు రావాలి, రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. నిజంగా ఒకే కాగితం మీద ఎదురెదురుగా వచ్చేవి నడిమి పేజీలు 8, 9 మాత్రమే. అయోమీ తొడుగులు ఎనిమిదిలో, బొచ్చి గ్లాసు తొమ్మిదిలో పెట్టాం. గ్లాసు బొమ్మ మడత దాటి ఇవతలికి కాస్త దొర్లింది.

జిరాక్స్ షాపు ఆయనకి రెండు వైపుల అచ్చులో పొట్టి అంచు వైపు తిప్పమని చెప్పాలి, పొడుగు అంచైతే వెనక పేజీ తలకిందులు. నమూనా కాపీ తీసి, లోగో చూసి, లోపల ఒకటి రెండు పేజీలు తిప్పి, “ఇది చేతబడి పుస్తకం కాదు కదా బాబూ?” అన్నాడు. పాటల పుస్తకం బాబాయ్ అన్నాను. బొమ్మలో వేళ్ల తొడుగులు చూపించి “మరి ఇవేంటి?” అన్నాడు. కథంతా చెప్పాను. ఆయన తన కుడి చెయ్యి తిప్పి చూపించాడు: కటింగ్ మిషన్ దగ్గర చూపుడు వేలి గోరు సగం పోయింది. “పని చేసే చెయ్యి ఊరుకోదు,” అని నమూనా కాపీకి డబ్బులు తీసుకోలేదు.

నల్ల అట్ట పనికిరాలేదు. జిరాక్స్‌లో నిండు నలుపు చారలు చారలుగా వస్తుంది, మడత పెట్టిన చోట టోనర్ రాలి తెల్లగీత పడుతుంది. చెల్లి లోగోని తెల్ల నేల మీద నల్లగా తిప్పి, అట్టకి పసుపు కాగితం వాడాం. లోపలికి 70 జీఎస్ఎం కాగితం పెడితే వెనకవైపు లిఫ్టు తలుపులు ఇటు కనిపిస్తున్నాయి. 80కి మారాం.

మామూలు స్టాప్లర్ మడత దాకా అందదు. దాన్ని పూర్తిగా తెరిచి, కింద థర్మోకోల్ ముక్క పెట్టి, మడత మీద గుచ్చి, లోపలికి వచ్చిన పిన్ను కాళ్లని చెంచా వెనకతో వంచాలి. థర్మోకోల్ మరీ మెత్తనైతే పిన్ను వంకరపోతుంది, పాత రబ్బరు చెప్పు అట్ట బాగా కుదిరింది. లోపలి కాగితాలు బయటి వాటికన్నా ముందుకు పొడుచుకొస్తాయి, అంచులు బైండింగ్ షాపులో కోయించాం. యాభై కాపీలు.

జులై చివర

ముప్పై దాకా చేతులు మారాయి. కొన్ని ఊరికే, కొన్ని ఇరవై రూపాయలకి. చిట్టాలో పెట్టిన వాటిలో హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ 2018 ఆల్బమ్ ‘స్వార్మ్’ గురించే ఎక్కువమంది అడిగారు, దానికి ఒక్క వాక్యమే ఇచ్చావేంటని. నిజానికి అది పేజీకి తగినదే, రెండో సంచికలో ఇస్తాను.

ఎక్కువ తిట్లు తిన్నది బ్యాడ్ బ్రెయిన్స్ పేజీ. రెగే అడ్డం అన్నందుకు ఒక మిత్రుడు రెండు పేజీల ఉత్తరం చేత్తో రాసి పంపాడు. ఆ పాటలు లేకపోతే మిగతావి అంత వేగంగా అనిపించవు, సబ్బాత్ గిటార్ ముక్కలకి నువ్వే చెప్పిన న్యాయం వీళ్లకెందుకు లేదు, అని. ఆ ఉత్తరం అలాగే స్కాన్ చేసి అచ్చు వేస్తాం, దస్తూరీతో సహా. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఊపిరి తీసుకోవడానికి నిమిషం చాలు, ఆరు నిమిషాలు అక్కర్లేదు.

రెండో సంచికకి మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఖాయం. 1988 నాటి ఆ ఆల్బమ్‌లో బేస్ దాదాపు వినిపించదు. బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ బస్సు ప్రమాదంలో పోయాక వచ్చిన జేసన్ న్యూస్టెడ్ వాయించిందంతా మిక్స్‌లో మాయమైంది. అభిమానులు బేస్ పెంచి చేసుకున్న మిక్స్‌లు ఉన్నాయి. అసలుది, అవి పక్కపక్కన పెట్టుకుని వింటున్నాను. ఇప్పటికి నా ఓటు ఆ ఎండిపోయిన అసలుదానికే పడేలా ఉంది, అది రాస్తే మళ్లీ ఉత్తరాలు వస్తాయి. చెల్లి 1997 బెర్సెర్క్ మొదలుపెట్టింది. గర్ల్స్ బ్యాండ్ క్రైకి కూడా పేజీ కావాలట. ఈసారి ఇరవై పేజీలు చేద్దామంటోంది. ఐదు కాగితాలు, కూడిక ఇరవై ఒకటి.